ఒక్కరోజూ ఇవ్వను

ఆవిడ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆసుపత్రి నర్సు. తరువాత, "పొద్దున్న సూది పెట్టబోతే కొట్టిందండీ. నా చెంప ఇంకా మండుతోంది" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఏడుస్తోందని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమయింది.

కొట్టడం ఆవిడకి అలవాటు అంటే తక్కువ చెప్పినట్టే. భావనపాడులో ఆవిడ చేతి దెబ్బ తినని మనిషి కోసం వెతుక్కోవాలి. చేపల వేలంలో పాట తేడా వస్తే కొట్టేది. తూకంలో మోసం కనిపిస్తే కొట్టేది. ఆరబెట్టిన చేపల మీద కుక్క నడిస్తే కుక్కని కొట్టి, ఆ కుక్కకి రోజూ అన్నం పెట్టే మనిషిని కూడా కొట్టేది. పెళ్ళాన్ని కొట్టాడని ఒకణ్ణి చితకబాది, అడ్డం వచ్చిందని ఆ పెళ్ళానికీ రెండు అంటించింది. చెయ్యెత్తే ముందు కొంగు నడుముకి బిగించి, పక్కకి ఉమ్మేది. అది చూసినవాడికి పారిపోడానికి అంత వ్యవధే దొరికేది.

"నా సెయ్యి ముందల లెగుత్తాది, నోరు తరవాత లెగుత్తాది. దేవుడు నన్నలాగ సేసినాడు. నన్నేటి సెయ్యమంతారు?" అనేది.

పెళ్ళయిన కొత్తలో కొట్టినవాడు మొగుడు. తాగి వచ్చి రోజూ కొట్టేవాడట. ఒక సాయంత్రం ఆవిడ పడవలోంచి తెడ్డు తీసుకొచ్చి అతని భుజం ఎముక విరగ్గొట్టింది. ఈ కథ నాకు ఆవిడ చెప్పలేదు. అతనే చెప్పాడు, ఆవిడ పక్కనే కూర్చుని వలకి ముడులు వేస్తుండగా, ఎవరిదో కథ చెప్పినట్టు. "ఆ దెబ్బతో తాగుడు పోనాదమ్మా. సెయ్యి పైకి లెగడం కూడా పోనాది" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా, "ఇంకో భుజం ఉంది, జాగర్త" అంది.

నాది పలాస. జీడిపిక్కలు కాల్చే పొగలో పెరిగినదాన్ని. చదువయ్యాక దొరికిన ఉద్యోగం ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడగడం. ఉద్దానంలో కిడ్నీలు పాడైన మనుషులు లేని ఊరు తక్కువ. వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటే ఆ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. ఇంకో పద్ధతి ఉంది. పొట్టలోకి సన్నని గొట్టం అమర్చుతారు. సంచిలో ఉన్న మందునీళ్ళు దాని గుండా పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, దించేసి, మళ్ళీ కొత్తవి ఎక్కించుకోవాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు, మిషను అక్కర్లేదు. ఈ సంచులని కూడా బీమాలోకి తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి విశాఖ నుంచి ఒక బృందాన్ని వేశారు. పద్ధతి పనిచేస్తుందా, ఖర్చుకి తగ్గ మేలు ఉందా, ఇసకలోనూ ఉప్పుగాలిలోనూ బతికే ఇళ్ళలో ఇది సాగుతుందా అని చూడడం మా పని. బృందం పెద్ద ఒక ఆర్థికశాస్త్రం చదివినాయన. మెత్తటి మనిషి. ఆవిడ ఆయనకి పెట్టిన పేరు లెక్కలబాబు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఒడ్డున పరదా పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, అంతా కుడిచేత్తోనే. ఆవిడవీ పాడైన కిడ్నీలే. మిషను సూదులు గుచ్చడానికి ఆ ఎడమ చేతిలో నరాలు కలిపి ఆపరేషను చేశారు. నరం తాడులా ఉబ్బి, వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టుండేది. దానికి దెబ్బ తగిలితే రక్తం ఆగదని డాక్టరు హెచ్చరించాడు. అప్పటినుంచి ఆవిడ ఒంటిచేత్తోనే కొట్లాడేది, రెండో చెయ్యి దొంగ సొత్తులా వెనక దాచుకుని. పేటలో ఆవిడకి పగవాళ్ళు ఉన్నారు. జుట్టు పట్టుకుని ఈడ్చేవాళ్ళు, మొహం రక్కేవాళ్ళు. ఆ చేతిని మాత్రం ఎవరూ తాకేవాళ్ళు కాదు. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలీదు, అందరూ పాటించారు.

పరదా పక్కనే కూర్చుని అడగాల్సినవన్నీ అడిగాను. చివరి ప్రశ్న ఒకటి ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి నిర్ణయాల కోసం అడిగే ప్రశ్నే. నాకు నేర్పినట్టే అడిగాను. మా వైపు అక్కని అప్పా అంటాం.

"అప్పా, ఒకమాట అనుకో. ఇలాగే ఈ జబ్బుతో పదేళ్ళు బతకొచ్చు. లేదా ఏ జబ్బూ లేకుండా కొన్నేళ్ళే బతకొచ్చు. జబ్బు పోతుందంటే ఆ పదేళ్ళలో ఎన్ని వదులుకుంటావు?"

ఆవిడ చేపలు చల్లడం ఆపింది.

"ఏటి?"

మళ్ళీ అడిగాను. ఆవిడ కొంగు బిగించింది. నాకు అప్పటికి ఆ గుర్తు తెలీదు. నా జడ పట్టుకుని, మణికట్టుకి ఒక చుట్టు చుట్టి, ఇసకలో ఈడ్చుకుపోయింది. చేపలు నానబెట్టే ఉప్పునీళ్ళ తొట్టి ఒకటి ఉంది అక్కడ. నా మొహం అందులో ముంచేసింది. ముక్కులోకీ గొంతులోకీ ఉప్పు, చేపల రక్తం. చేతులు కొట్టుకున్నాను. అరుద్దామంటే నోరు తెరవలేను. ఒక్క చేత్తో పట్టుకున్న మనిషిని నా రెండు చేతులతో కదపలేకపోయాను.

పైకి లాగి అడిగింది. "ఊపిరాడనప్పుడు సెప్పవే గుంటా. నీ ఏళ్లలో ఎన్నిత్తావు?"

నేను దగ్గుతున్నాను. మళ్ళీ ముంచింది. మళ్ళీ తీసింది.

"సెప్పవేటి? ఎన్నిత్తావు?"

"ఇవ్వను" అన్నానో, అనబోయానో. ఆవిడ వదిలేసింది. తన కొంగుతోనే నా మొహం తుడిచింది, తుడవడం కూడా రాయితో తోమినట్టే. "నాను కూడా ఇవ్వను. ఒక్కరోజూ ఇవ్వను. అదే రాసుకో" అంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. మొగుడు ఎక్కణ్ణుంచో టీ తెచ్చి నా చేతిలో పెట్టి, "ముంచితే ముంచింది గానీ, నిన్ను ఇష్టపడిందమ్మా. లేపోతే తొట్టి నీ మీద ఇరిగిపోయేది" అన్నాడు.

ఆవిడ నా పక్కన కూలబడి తన సంగతి చెప్పింది. పడవలు తెల్లారకముందే వస్తాయి. వేలంలో ముందు నిలబడ్డవాళ్ళకే మంచి సరుకు. వారంలో మూడురోజులు ఆవిడ ఆ వేళకి టెక్కలి ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో ఉంటుంది. సగం రోజు మిషను మీద, మిగతా సగం ఒళ్ళు తెలీకుండా పడక మీద. ఆవిడ నిలబడే చోట వేరేవాళ్ళు నిలబడుతున్నారు. "నాకు సంచీలు ఇప్పించీ. ఇంటికాడ ఎక్కించుకుని ఒడ్డుకి ఎల్లిపోతాను. నాను లేకపోతే అక్కడ ఎవుల్ని ఎవులు కొడతారు?" అంది. నవ్వులాట కాదు, నిజంగానే అడిగింది.

కొంతకాలానికి లెక్కలు తయారయ్యాయి. చూసి నాకు మతి పోయింది. ఆ ప్రశ్నకి జబ్బు మనిషి ఎన్ని ఎక్కువ ఏళ్ళు వదులుకుంటానంటే జబ్బు అంత భారమని లెక్క. ఏమీ వదులుకోనంటే భారం లేనట్టు, పూర్తి ఆరోగ్యంతో ఉన్నట్టు. ఉద్దానంలో ఆవిడలాగే చాలామంది ఒక్కరోజూ ఇవ్వనన్నారు. పిల్ల పెళ్ళి కావాలి కాబట్టి కొందరు, ఏళ్ళు ఇచ్చేవాడు దేవుడు కాబట్టి కొందరు. వాళ్ళందరూ కాగితం మీద హాయిగా ఉన్నారు. హాయిగా ఉన్నవాళ్ళకి సంచులు ఇచ్చి కొత్తగా చేసే మేలు ఏముంది?

"ఇది తప్పు కదా సార్" అన్నాను లెక్కలబాబుతో.

"పద్ధతి ప్రకారం తప్పు కాదు. కానీ నాకూ నచ్చడం లేదు. కమిటీ ముందు చెబుతాను" అన్నాడు. చెప్పాడు కూడా, నివేదికలో ఒక మూల, చిన్న అక్షరాల్లో.

సంచుల సంగతి తేల్చే కమిటీ టెక్కలిలో ఒక కార్యాలయం మేడ మీద కూర్చుంది. అధ్యక్షుడు తలనెరిసిన డాక్టరు. రోగులు కూడా వచ్చి మాట్లాడవచ్చని పిలిచారు. ఆవిడ ఆరోజు మిషను దగ్గరనుంచి తిన్నగా వచ్చింది, ఎడమ చేతికి దూదిపట్టీ బిగించి ఉంది. మొగుడు వెనకాల మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు. నా పక్క కుర్చీలో కూర్చుంది. తెర మీద గీతలు, అంకెలు వస్తున్నాయి. కమిటీలో ఒక యువకుడు లేచి, "రోగుల జీవన నాణ్యత దాదాపు సంపూర్ణంగా ఉన్నట్టు వాళ్ళ జవాబులే చెబుతున్నాయి. కాబట్టి అదనపు ప్రయోజనం స్వల్పం" అన్నాడు.

"ఏటంతన్నాడు?" అని నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది.

"ఏళ్ళు ఇవ్వనన్నవాళ్ళకి బాధ లేనట్టు లెక్క వేశారు అప్పా."

"బాధ లేదంతన్నాడా?"

"ఆ."

లేచింది. కొంగు బిగించింది. ఈసారి ఆ గుర్తు నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని ఆపబోయాను. నన్ను కుర్చీతో సహా తోసేసింది. బల్ల దగ్గరికి వెళ్ళి ఎడమ చేతి పట్టీ పంటితో పీకేసింది.

రక్తం కారుతుందని అందరికీ తెలుసు. అది కారలేదు, చిమ్మింది. బల్ల మీద కాగితాల మీద, నీళ్ళ సీసాల మీద, ఆ యువకుడి తెల్లచొక్కా మీద అడ్డంగా చార పడింది. "బాధ లేదేటి? ఇది కొబ్బరినీళ్ళేటి? సూడండ్రా!" అని చెయ్యి తిప్పుతోంది, గోడ దాకా ఎర్రగా. ఎవరో అరిచారు. ఒకడు బల్ల కింద దూరాడు. కాపలావాడు వెనకనుంచి పట్టుకోబోతే కుడి మోచేత్తో అతని ముక్కు పగలగొట్టింది. వాడి రక్తం, ఈవిడ రక్తం నేల మీద కలిసిపోయాయి. ఆ తరువాత తిన్నగా వెళ్ళి అధ్యక్షుడి కాలరు పట్టుకుంది.

ఆ పెద్దాయన కుర్చీలోంచి కదల్లేదు. కాలరు ఆవిడ పిడికిలిలో బిగిసి ఆయన మొహం నల్లబడుతోంది. ఆయన మాత్రం తన రెండు చేతులతో ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని, చిల్లు పడ్డచోట బొటనవేళ్ళు గట్టిగా అదిమాడు. ఆవిడ ఆయన గొంతు వదల్లేదు. ఆయన ఆవిడ నరం వదల్లేదు. ఆవిడ బూతులు తిడుతోంది, ఆయన ఎగశ్వాసలోనే "కూర్చోబెట్టండి, కూర్చోబెట్టండి" అంటున్నాడు. చివరికి ఆవిడకే కళ్ళు తిరిగాయి. పిడికిలి వదిలి ఆయన మీదే ఒరిగిపోయింది.

పోలీసులు వచ్చారు. ఆయన కేసు వద్దన్నాడు. ముక్కు పగిలినవాడి దగ్గర మొగుడు కాళ్ళమీద పడి బతిమాలుకున్నాడు.

రక్తం చూసి భయపడి సంచులకి ఒప్పుకున్నారని భావనపాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆరోజు ఏ నిర్ణయమూ జరగలేదు. అధ్యక్షుడు చొక్కా మార్చుకుని వచ్చి, లెక్కలబాబుని పక్కకి పిలిచి, "మనుషుల్ని ఇంకోలా అడగండి. ఏం చెయ్యలేకపోతున్నారో అడగండి" అన్నాడు. మళ్ళీ ఇంటింటికీ తిరిగాం. పనికి పోగలుగుతున్నారా, దారిలో ఎంతసేపు పోతోంది, మిషను రోజున వంట ఎవరు చేస్తున్నారు, ఇలాంటివి అడిగాం. సంచులు అందరికీ మేలు కాదని కూడా తేలింది. శుభ్రమైన మూల లేని ఇళ్ళలో గొట్టం చుట్టూ చీము పట్టి మనిషికే ప్రమాదం. అన్నీ తూచి, ఆసుపత్రికి దూరంగా ఉంటూ ఇంట్లో శుభ్రంగా చేసుకోగలవాళ్ళకి బీమా వర్తిస్తుందన్నారు. అయితే కొంతకాలం పోయాక మళ్ళీ చూస్తారు. పొట్టలో ఇన్ఫెక్షన్లు ఎక్కువైతే ఆపేస్తారు.

ఆవిడకి సంచులు వచ్చాయి. మొగుడు గదిలో ఒక మూల సిమెంటు చేసి సున్నం వేశాడు. సంచి మార్చేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో తోముకునేవాడు. ఆ మూల దగ్గర ఎవరైనా తుమ్మితే ఆవిడ చెయ్యి లేచేది. ఎక్కువగా తుమ్మింది అతనే.

ఎడమ చేతికి ఇక సూదులు అక్కర్లేదని తెలిసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ ఆ చేతిని ముందుకి తెచ్చి, వేళ్ళు తెరిచి మూసి చూసుకుంది. "రెండు సేతులూ వచ్చీసినాయే గుంటా!" అని నా రెండు చెంపలూ ఒకేసారి వాయించింది. ముద్దుకే. చెవులు గింగురుమన్నాయి.

వేలంలో మళ్ళీ తన చోట నిలబడింది. పొట్ట మీద గొట్టం చీరలోపల చుట్టి, పైన తువ్వాలు కట్టుకుని. ఆవిణ్ణి చూసి ఆ పేటలో ఇంకొందరు ఆడవాళ్ళు సంచులకి మారారు. భయపడ్డవాళ్ళని తిట్టి మార్పించింది. చేతులు సరిగ్గా కడుక్కోలేదని ఒకావిణ్ణి వీధిలో పెట్టి కొట్టింది.

సంచులు మొదలయ్యాక రెండో వర్షాకాలంలో బయటినుంచి కొత్త వ్యాపారి ఒకడు వచ్చాడు. కోనాం చేపల గుట్ట మీద పాట ముగిశాక, తను తక్కువ ధరకే పాడానని మాట మార్చాడు. ఆవిడ రెండు చేతులతోనూ మొదలెట్టింది. ఒకప్పుడు ఆ చేతిని తాకనట్టే ఇప్పుడు పేటలో ఎవరూ ఆవిడ పొట్ట జోలికి పోరు, ఆ కట్టుబాటు వాడికి తెలీదు. చెప్పేలోపే కాలెత్తి ఆవిడ పొట్టలో తన్నాడు. పడింది. వెంటనే లేచింది. ఐసుపెట్టె మూత తీసుకుని వాడి నోట్లో పళ్ళు రాలేదాకా కొట్టింది. జనం విడదీస్తే మూత పారేసి, తన చేపలు తను బుట్టలో వేసుకుని నడిచి ఇంటికి వెళ్ళింది. తువ్వాలు అప్పటికే తడిసిపోయిందని మొగుడు చెప్పాడు. సాయంత్రానికి సంచిలోకి దిగిన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చాయి, పొట్టలో ఇన్ఫెక్షన్ పట్టిందనడానికి అదే గుర్తు.

ఆసుపత్రిలో గొట్టం తీసేశారు. నేను వెళ్ళేసరికి పొట్ట బిగిసిపోయి, ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి దగ్గరికి రమ్మని వేలు ఆడించింది. వంగాను. గడ్డం పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"లెక్కలబాబుకి సెప్పు. ఇది సంచి మీద రాసీకు. సంచి ఏటీ సేయలేదు. ఆడు తన్నినాడు. ఆడి మీద రాయి."

"సరే అప్పా."

"సరే అనీసి పోకు. సంచి మీద రాసీత్తే ఆపీత్తారు. ఆళ్లందరూ మళ్ళీ ఆటో ఎక్కాల. నా పేరు సెప్పుకుని ఎవులూ ఆటో ఎక్కకూడదు. ఇన్నావా?"

విన్నానని చెప్పేదాకా గడ్డం వదల్లేదు. అదే నేను ఆవిణ్ణి ఆఖరిసారి చూడడం.

ఆ తరువాత సమీక్ష జరిగింది. నియమం ప్రకారం ఏ ఇన్ఫెక్షనయినా లెక్కలోకి రావాల్సిందే, కారణంతో పని లేదు. నేను వాదించాను. గొంతు పెద్దదైపోయింది. బల్ల మీద గుద్దాను కూడా, జీవితంలో మొదటిసారి. లెక్కలబాబు నా వైపు చూసి, "నియమం నేను మార్చలేను. పక్కన కారణం రాయగలను" అన్నాడు. రాశాడు. చిన్న అక్షరాల్లో కాదు. అధ్యక్షుడు ఆ వరుస దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడ కోరినట్టు పూర్తిగా జరగలేదు. లెక్కలో ఆవిడ సంచి కిందే ఉంది. కానీ సంచులు ఆగలేదు.

ఈ సంగతి చెబుదామని భావనపాడు వెళ్ళాను. మొగుడు ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. విన్నాడు. "మంచిది" అన్నాడు. ఆవిడ గురించి ఏదైనా రాయాలనుకుంటున్నానని చెప్పాను.

అతను పక్కనున్న వల ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మంచి మనిసని రాసీకమ్మా" అన్నాడు. "పేటలో అందరూ నవ్వుతారు. కొట్టేదని రాయి. ఊరందరినీ కొట్టేదని రాయి." వలకి ముడి ఒకటి బిగించాడు. "నన్నయితే అందరికన్నా ఎక్కువ కొట్టేదని రాయి."